“నీవే తప్ప నితఃపరం బెఱుఁగ”: ‘పరం’ అంటే ‘వేరొకటి’యా, ‘ఇకమీదట’యా?

జీవశాస్త్ర అధ్యాపకురాలు, నల్లగొండ:
కరోనా రోగనిరోధకతపై కళాశాల గోడపత్రికకు వ్యాసం రాస్తుంటే గజేంద్రుని మొర పదే పదే నోటికి వస్తున్నది. తొలిసారి ఎదురైన వైరస్‌ను గుర్తుంచుకున్న శరీరం, అది రూపు మార్చుకొని వచ్చినప్పుడు కూడా పాతదానికి సరిపడే ప్రతిరక్షకాలనే ముందుగా తయారుచేస్తుంది. ఫ్లూ విషయంలో 1960లో థామస్ ఫ్రాన్సిస్ సిద్ధాంతీకరించిన ఈ సంగతి ఒమిక్రాన్ వచ్చాక కరోనాకూ చర్చనీయమైంది. ఈ పాదాన్ని శీర్షికగా పెట్టవచ్చునా? అందులోని ‘నితః’ మాత్రం కొరుకుడు పడడం లేదు.

విశ్రాంత తెలుగు పండితులు, వనపర్తి:
మేడం, ఆ నకారం ‘తప్పన్’లోని ద్రుతం, అంటే మాట చివర చేరే ‘న్’; అసలు మాట ‘ఇతఃపరం’. సంస్కృత వ్యవహారంలో దానికి ‘ఇకమీదట’ అనే అర్థం బలంగా ఉన్నది. లావు, ధైర్యం, ప్రాణం, స్పృహ, తనువు ఒక్కొక్కటే జారిపోయిన వరుసను పోతన నడిపిన తీరు చూస్తే, ఏనుగుకు ఆపై ఏమి చేయాలో తోచలేదనడమే నాకు సమంజసంగా తోస్తున్నది.

తెలుగు పరిశోధక విద్యార్థి, సూర్యాపేట:
సార్, ‘నీవే తప్ప’ అన్న తరువాత ‘వేరొకరిని ఎరుగను’ అనే అన్వయమే కుదురుతుంది. ‘ఇకమీదట’ అంటే ‘తప్ప’కు పని ఉండదు.

ల్యాబ్ టెక్నీషియన్, మహబూబ్‌నగర్:
‘వేరొకటి ఎరుగను’ అనేదే అర్థమైతే శీర్షిక శరీరానికి అన్యాయం చేస్తుంది. 2003లో సార్స్ నుండి, అంటే కరోనా కుటుంబానికే చెందిన మరో వైరస్ తెచ్చిన జబ్బు నుండి, కోలుకున్నవారి రక్తాన్ని 17 ఏళ్ల తరువాత సింగపూర్‌లో పరీక్షిస్తే, వారి టి కణాలు (రోగనిరోధకతకు తోడ్పడే ఒక రకం తెల్ల రక్తకణాలు) కొత్త కరోనా వైరస్ లోపలి ఎన్ ప్రొటీన్‌ను కూడా గుర్తించాయి. అలా కోలుకున్నవారికి ఫైజర్ టీకా ఇచ్చినప్పుడు, సార్స్ కుటుంబంలోని ఇతర వైరస్‌లను సైతం అడ్డుకొనే ప్రతిరక్షకాలు పుట్టాయని 2021లో తేలింది. జలుబు తెచ్చే ఓసీ43 వంటి వైరస్‌ల పరిచయం వల్ల కూడా, వైరస్ పైనుండే ముల్లులాంటి స్పైక్ ప్రొటీన్‌లో అంతగా మారని ఎస్2 భాగాన్ని పట్టే ప్రతిరక్షకాలు కొందరిలో ముందే ఉన్నాయి. వాటిలో కొన్ని మాత్రమే వైరస్‌ను ఆపగలవు, అయినా పాత ఎరుక కొత్తదానికి తలుపు మూయలేదు.

జీవశాస్త్ర అధ్యాపకురాలు, నల్లగొండ:
పూర్తిగా మూయలేదన్నది నిజమే. అయినా కరోనా తొలి రూపమైన పాత వూహాన్ రకాన్ని టీకాల నుండి తీసివేయాలని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం సూచించడానికి ఒక కారణం ఆ తొలి ముద్ర బలమే. అందుకే ‘వేరొకటి’ అన్న అర్థాన్ని నేను వదులుకోలేకపోతున్నాను.

విశ్రాంత తెలుగు పండితులు, వనపర్తి:
శీర్షిక ఏ అర్థంలో పెట్టినా ‘బెఱుఁగ’లో అరసున్నను, బండి ‘ఱ’ను మాత్రం తప్పక ఉంచండి. ‘తప్ప’కు పని లేదన్న అభ్యంతరానికి నా సమాధానం వేరుగా రాస్తాను.