దిగులు: భయమా, విచారమా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు నుంచి ఒక సభ్యురాలు):

మాది తూర్పు గోదావరి. మానసిక ఆరోగ్యం గురించి ఇక్కడి తెలుగువారి కోసం ఒక కరపత్రం రాస్తున్నాను. డిప్రెషన్‌కు ‘దిగులు’ అనీ, చలి, నొప్పి, నిద్రలేమి వంటివాటి వల్ల శరీరం మీద పడే స్ట్రెస్‌కు ‘శారీరక ఒత్తిడి’ అనీ రాశాను. మా పై అంతస్తులో ఉండే చిత్తూరు జిల్లా పెద్దాయన చదివి, ‘దిగులు’ అంటే తమ వైపు భయమనీ, ఇదంతా పిరికితనం గురించి రాసినట్టుందనీ అన్నారు. ఏ మాట వాడాలో తెలియజేయగలరు.

సమాధానం:

అమ్మా, ఆ పెద్దాయన చెప్పినది నిజమే. రాయలసీమలో పిల్లవాడు చీకట్లో దేన్నో చూసి ఉలిక్కిపడి జ్వరం తెచ్చుకుంటే ‘దిగులు పడినాడు’ అంటారు; విభూతి పెట్టించి, తాయెత్తు కట్టిస్తారు. తమిళంలో ‘తిగిల్’ అన్నా ఒళ్ళు జలదరించే భయమే. కోస్తా వారికి మాత్రం ఈ మాట వినగానే బెంగ, విచారం, మనసు చిన్నబోవడం స్ఫురిస్తాయి. బెంగళూరులో ఈ రెండు వైపుల వారూ ఒకే ఆసుపత్రి వరండాలో కూర్చుంటారు కనుక ఈ తేడా నిఘంటువుతో తేలిపోయేది కాదు. ఒక ఆసుపత్రిలో దుబాసీగా కూర్చున్నప్పుడు, మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక రైతును ‘దిగులుగా ఉంటోందా?’ అని అడిగాను. ఆయన వీపు నిటారుగా పెట్టి, ‘నాకేం దిగులు సామీ, నేనెవరికీ భయపడేవాణ్ణి కాదు’ అన్నాడు. పక్కనే ఉన్న భార్య, ఆయన నెలల తరబడి సరిగా తినడం లేదనీ, తెల్లవారుజామునే మేలుకొని గోడ వైపు చూస్తూ కూర్చుంటున్నాడనీ చెప్పింది. ఆయన అబద్ధమాడలేదు. నేనడిగిన ప్రశ్న ఆయనకు చేరలేదు, అంతే.

ఇక మీరు రాస్తున్న విషయానికి వస్తే, ఈ మాటలోని రెండు అర్థాలూ అక్కడ ఎదురుపడతాయి. శరీరానికి ఏదైనా కష్టం తగిలినప్పుడు మెదడులోని హైపోథలమస్ ఒక హార్మోనును విడుదల చేస్తుంది. అది పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులను కదిలిస్తాయి. చివరికి రక్తంలో కార్టిసాల్ పెరుగుతుంది. ఆ కార్టిసాల్ మళ్ళీ మెదడుకు చేరి, ఇక చాలునని చెప్పి, ఈ వరుసను ఆపుతుంది. కుంగుబాటు (డిప్రెషన్) తీవ్రంగా ఉన్న అనేకమందిలో ఈ ఆపుదల సరిగా పనిచేయదు.

2008లో వెలువడిన ఒక పరిశోధన మన చర్చకు మరీ దగ్గరగా ఉంది. డిప్రెషన్‌తో ఉండి మందులు వాడని వారికీ, ఆరోగ్యంగా ఉన్నవారికీ ముంజేతి మీద వేడి తగిలిస్తూ మెదడును స్కాన్ చేశారు. నొప్పి రాబోతోందని ముందుగా సూచన ఇచ్చినప్పుడే, అంటే చర్మానికి వేడి ఇంకా తగలకముందే, డిప్రెషన్ ఉన్నవారిలో అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా, ఒంటి లోపలి స్థితిని గమనించే ఇన్సులా ముందుభాగం ఎక్కువగా స్పందించాయి. వేడి తగిలాక, నొప్పిని అదుపు చేసే కొన్ని భాగాలు ఇతరులలో కంటే తక్కువగా పనిచేశాయి. పైకి విచారంగా, నిస్సత్తువగా కనిపించే మనిషి లోపల, రాబోయే నొప్పికి మెదడు అంత ముందుగా ఉలిక్కిపడుతోందన్న సంగతి మీ కరపత్రంలో తప్పక ఉండాలని నా కోరిక. ‘ఊరికే ఒళ్ళు నొప్పులంటాడు, ఏమీ లేదు’ అని ఇంట్లో వాళ్ళు విసుక్కునేది ఇలాంటి మనిషినే.

మరో సభ్యుని అభ్యంతరం:

ఒక మాటకు ప్రాంతాన్ని బట్టి రెండర్థాలు ఉన్నంత మాత్రాన మెదడు గురించి మనకేమి తెలుస్తుంది? మన పూర్వులకు ముందే తెలుసునన్న వాదనకు ఇది దారితీయదా?

సమాధానం:

మీ హెచ్చరిక సబబైనదే. మాట చరిత్ర మెదడు గురించి దేనినీ రుజువు చేయదు. నేను అలా వాదించడం లేదు. శాస్త్రంలోనూ తొందరపడకూడదు. కార్టిసాల్ ఆపుదలను చూసే డెక్సామెథసోన్ పరీక్షను 1981 ప్రాంతంలో డిప్రెషన్ నిర్ధారణకు వాడవచ్చని ఎంతో ఆశపడ్డారు. కానీ డిప్రెషన్ ఉన్న చాలామందిలో ఫలితం మామూలుగానే రావడంతో ఆ ఆశ నిలవలేదు. కొందరిలో కార్టిసాల్ స్పందన పెరగడానికి బదులు మందగిస్తుంది కూడా. నా మాట ఇంతవరకే: అడిగేవారి పదం విషయాన్ని దాచేస్తే, చెప్పేవారు చెప్పలేరు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులో మాట్లాడే మనిషి ముఖం అవతలివారికి కనిపించదు. అక్కడ మాట ఒక్కటే ఆధారం.

‘శారీరక ఒత్తిడి’ గురించి కూడా చెప్పాలి. నేటి వాడుకలో ‘ఒత్తిడి’ అంటే ఆఫీసు పని, పరీక్షలు, అప్పులు. ఇప్పుడు స్ట్రెస్ అంటున్న దానికి పునాది వేసిన హాన్స్ సెలీ 1936 నాటి తన చిన్న వ్యాసంలో ఎలుకలకు కలిగించినవి చలి, శస్త్రగాయం, మితిమీరిన కండరాల శ్రమ, విషపదార్థాలు వంటివి. అన్నీ ఒంటికి తగిలే కష్టాలే. కాబట్టి మొదటిసారి ‘ఒంటికి తగిలే కష్టం’ అని రాసి, చలి, నొప్పి, నిద్రలేమి, జ్వరం అని పేర్లు చెప్పండి. ఆ తరువాత ‘శారీరక ఒత్తిడి’ అన్నా ఎవరూ పొరబడరు.

శీర్షికలో ‘దిగులు’ తీసేసి ‘కుంగుబాటు’ పెట్టండి. లోపలి ప్రశ్నల్లో మాత్రం రెండు వైపుల వారికీ పనికొచ్చేలా ఇలా రాస్తే బాగుంటుంది: ‘మీకు దేని మీదా మనసు పోవడం లేదా? కారణం లేకుండా గుండె దడగా, భయంగా ఉంటోందా? చిన్న నొప్పి కూడా ఓర్చుకోలేనంతగా అనిపిస్తోందా?’ అచ్చుకిచ్చే ముందు ఆ చిత్తూరు పెద్దాయనకు మరొకసారి చదివి వినిపించండి.