వరిగడ్డిని బయోగ్యాస్ ప్లాంటుకు అమ్మినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది మండపేట దగ్గర పల్లెటూరు, ఐదెకరాల వరి. మిషన్‌తో కోయించాక గడ్డి చేలోనే చెల్లాచెదురుగా పడిపోతోంది. ఎత్తించే కూలి గిట్టక చాలామంది నిప్పు పెట్టేస్తున్నారు. ఆ పొగ చూస్తే కడుపు తరుక్కుపోతుంది, పశువుల మేత కదా అది.

వరిగడ్డి నుంచి తీసిన కంప్రెస్డ్ బయోగ్యాస్‌ను (బండ్లకు వాడేలా శుద్ధి చేసి కుదించిన గ్యాస్) ఆయిల్ కంపెనీలు కొనేలా కేంద్రం 2018లో సతత్ పథకం పెట్టింది. గ్యాస్ తీశాక మిగిలేది పొలానికి ఎరువు. మా ఊళ్లో పదిహేను మందిమి కలిసి బేలర్ (గడ్డిని కట్టలు కట్టే మిషన్) కొందామనుకుంటున్నాం. నా టెన్షనంతా సార్వా (ఖరీఫ్) గడ్డి గురించే. నవంబరు తుఫానుకు తడిస్తే కట్టలు బూజు పడతాయి. తేమ ఎంతలోపు ఉంటే తీసుకుంటారు? లారీ కిరాయి ఎవరిది? ధర ముందే కాగితం మీద రాయించుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, దాళ్వా (రబీ) కోతల్లోపు తేల్చుకోవాలి.