బస్సులో ఎక్కిన ఆ ముగ్గురు పిల్లల కోసం ఇప్పుడైనా ఏం చేయగలను?

కండక్టరమ్మ, నాగర్‌కర్నూల్:
నాగర్‌కర్నూల్–కొల్లాపూర్ బస్సులో కండక్టర్‌ని. మొన్న మంగళవారం తొలి ట్రిప్పులో ఒక మనిషి ముగ్గురు మగపిల్లలతో ఎక్కి, ఒక ఫుల్లు, మూడు ఆఫ్ టికెట్లు తీసుకున్నాడు. చిన్నవాడికి పదేళ్లు దాటవు. ముగ్గురి బట్టలూ ఒకే యూరియా సంచిలో ఉన్నాయి. "ఎక్కడికి నాయనా, బడి లేదా?" అని అడిగితే వాడు ఆ మనిషి ముఖం చూశాడు. "మా అక్క పిల్లలు, సింగోటం జాతరకు" అని ఆయనే చెప్పాడు. నేను చిల్లర ఇచ్చి ముందుకు వెళ్లిపోయాను.

సింగోటం జాతర సంక్రాంతికి. ఇది ఆషాఢం. పైగా వాళ్లు సింగోటంలో దిగలేదు. కొల్లాపూర్‌లో దిగి సోమశిల ఆటో ఎక్కారు. కృష్ణ వెనుక జలాల్లో అలివి వలలు లాగడానికి పిల్లలను తెస్తుంటారని రాత్రి మా డ్రైవరన్న చెప్పాక నిద్ర పట్టలేదు. మా అబ్బాయిదీ అదే వయసు. మనుషుల అక్రమ రవాణా అంటే ఆడపిల్లలను నగరాలకు అమ్మేయడమే అనుకున్నాను. నేను టికెట్లు కొట్టిన బస్సులోనే జరిగింది. ఐదు రోజులైంది, చేతిలో రుజువు లేదు. ఆయన నిజంగా మేనమామే అయితే?

పిల్లల సంరక్షణ కార్యకర్త, మహబూబ్‌నగర్:
అమ్మా, ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 2023 నుంచి అది అత్యవసర నంబరు 112తో కలిసి పనిచేస్తోంది. రుజువు తేవలసింది మీరు కాదు, విచారించడం వాళ్ల పని. మేనమామే అయితే నాలుగు మాటలు అడిగి పంపేస్తారు. టికెట్ల సమయం, ఎక్కిన స్టేజీ, దిగిన స్టేజీ రాసిపెట్టుకోండి.

ఇంకోసారి అనుమానం వస్తే బస్సులో గొడవకు దిగవద్దు. తర్వాతి స్టేజీలోనే పిల్లలతో దిగి మాయమవుతాడు. బస్సు నడుస్తుండగానే ఫోన్ చేస్తే పోలీసులు స్టాండులో ఉంటారు. పిల్లలను మీ ఇంటికి కూడా తీసుకువెళ్లవద్దు. వాళ్లను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి.

సోమశిల వైపు మనిషి:
అక్కా, పదకొండేళ్లప్పుడు ఆ వల లాగినవాణ్ణి నేను. అలివి వల కన్నులు దోమతెరలా ఉంటాయి, వేలెడు చేపపిల్లను కూడా వదలవు. అందుకే నిషేధించారు. తెల్లవారుజామున నడుము లోతు నీళ్లలో నిలబడి లాగాలి. తడి తాడుకు అరచేతుల తోలు లేచిపోయేది, అన్నంలో చెయ్యి పెడితే కారం మండేది. మా నాన్న చెడ్డవాడు కాదు. అక్క పెళ్లికి అడ్వాన్సు తీసుకున్నాడు, అది తీరేదాకా నేను అక్కడ ఉండాలన్నారు. అది ఎప్పటికీ తీరలేదు.

ఫోనులో ఒక్కటి తప్పక చెప్పండి. ఆ గుడిసెలు కొన్నింటికి దారి ఉండదు, పుట్టిలోనే, అంటే గుండ్రటి చిన్న పడవలోనే వెళ్లాలి. జీపులో వచ్చి ఒడ్డు నుంచి చూస్తే ఎవరూ కనపడరు.

న్యాయవాది, నల్లగొండ:
పై తమ్ముడికి: ఆ అప్పు ఏనాడూ చెల్లదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాంటి బాకీలను రద్దు చేసింది. పిల్లలు దొరికితే ఆర్డీవో నుంచి విముక్తి పత్రం అడిగి తీసుకోవాలి. అది లేకుంటే పునరావాసం డబ్బు కోసం ఏళ్ల తరబడి తిరగాలి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద ఒక బిడ్డను ఇలా తరలిస్తే కనీసం 10 ఏళ్లు, ఒకరికి మించితే కనీసం 14 ఏళ్ల జైలు. పిల్లలే ఒప్పుకుని వచ్చారన్నా కుదరదు.

కండక్టరమ్మ, నాగర్‌కర్నూల్:
ఇప్పుడే మాట్లాడాను. టికెట్ల సమయం, ఆటో రంగు, పుట్టి సంగతి అన్నీ రాసుకున్నారు. గుర్తులు అడిగితే యూరియా సంచి చెప్పాను. చిన్నవాడి కాళ్లకు ఒక చెప్పు నీలం, ఒకటి నలుపు. అదీ చెప్పాను. మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. రేపు తొలి ట్రిప్పు నాదే. తమ్ముడూ, నీ చేతులు ఇప్పుడు బాగున్నాయా?