స్నేహపానంలో అమ్మకు వికారం, వణుకు: రేపటి డోసు ఇవ్వాలా?

ప్రశ్న (ఖమ్మం నుంచి):
అమ్మకు 58 ఏళ్లు. మోచేతుల మీద, వీపు మీద సొరియాసిస్. విరేచనం (మందుతో కడుపు శుద్ధి) చేయించే ముందు స్నేహపానం, అంటే రోజూ మందు నెయ్యి తాగించడం, కావాలని ఆయుర్వేద డాక్టరు గారు మహాతిక్తక ఘృతం అనే మందు నెయ్యి మొదలుపెట్టించారు. 30 మి.లీ.తో మొదలై పెరుగుతూ ఇవాళ 90కి వచ్చింది. పొద్దున్నే పరగడుపున కరిగించి ఇస్తున్నాను, వెంట వేడినీళ్లు. గిన్నె మూత తీయగానే అమ్మ మొహం తిప్పేసుకుంటోంది. తాగాక నోరంతా జిడ్డు, వికారం, తలనొప్పి. మధ్యాహ్నం దాటినా ఆకలి లేదు, నెయ్యి త్రేన్పులే. ఇవాళ పదకొండింటికి చేతులు వణికి చెమటలు పట్టాయి, ఇంకా నీరసంగానే ఉంది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "దోషాలు కదులుతున్నాయి, మామూలే" అంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. రేపు ఇవ్వాలా వద్దా?

సమాధానం:
మా ఆయనకు చేయించాం. నెయ్యి ఒక్క గుక్కలో తాగించి, వెంటనే వేడినీళ్లతో పుక్కిలింపించండి. నిమ్మతొక్క వాసన చూపిస్తే వికారం కాస్త ఆగుతుంది. తర్వాత శొంఠి వేసి మరిగించిన నీళ్లు కొద్దికొద్దిగా. చన్నీళ్లు, పగటి నిద్ర వద్దు. టైమయింది కదా అని ఇడ్లీ పెడితే ఆయనకు వాంతయింది. నెయ్యి వాసన లేని త్రేన్పు వచ్చి, ఆకలేశాకే పల్చటి గంజి ఇవ్వాలి.

సమాధానం (ఆయుర్వేద వైద్యుణ్ణి):
అమ్మగారికి షుగర్ ఉందాండీ? ఏం మాత్రలు?

ప్రశ్న అడిగినవారు:
ఉందండి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. రోజూలాగే పొద్దున వేసుకుంటోంది. కేసు షీటులో రాశారు గానీ దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

వైద్యుడు:
వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. గ్లిమెపిరైడ్ వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. ఆ వణుకు, చెమట దానివే కావచ్చు, దోషాల మీదికి నెట్టకండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. నియమం తప్పుతుందని జంకకండి. మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాత్ర మాత్రం సొంతంగా మార్చొద్దు, రాసిచ్చిన డాక్టర్ని అడగండి.

రేపటి నెయ్యి ఆపండి. మధ్యమ మాత్ర, అంటే మధ్యస్థ మోతాదు నెయ్యి, పన్నెండు గంటల్లో అరగాలంటారు. ఇచ్చింది అరగకుండా డోసు పెంచకూడదు. స్నేహపానం మూడు నుంచి ఏడు రోజులు. మలంలో జిడ్డు, చర్మంలో మెత్తదనం, నెయ్యంటే విముఖత కనబడితే ముందే ఆపేస్తాం. ఇంకొకటి, కొవ్వు లోపలికి వెళ్లగానే పిత్తాశయం (గాల్ బ్లాడర్) ముడుచుకుంటుంది. అందులో రాళ్లుంటే కుడి డొక్కలో విపరీతమైన నొప్పి వస్తుంది. అలా నొప్పి, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం ఉంటే ఆసుపత్రికే.

ప్రశ్న అడిగినవారు:
64 చూపించిందండి! గ్లూకోజ్ ఇచ్చాక 98. వణుకు తగ్గింది. ఈసారి డాక్టరు గారితోనే మాట్లాడాను. నెయ్యి ఆపమని, పొట్ట స్కాన్ చేయించమని అన్నారు. స్కాన్‌కి పరగడుపున రమ్మంటున్నారు కాబట్టి, ఆ పొద్దున షుగర్ మాత్ర ఏం చేయాలో కూడా ఇవాళే అడుగుతున్నాను.