మొదటిసారి సెన్సరీ ఫ్రెండ్లీ షోకి వెళ్తున్నాం, వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

బాబు_వాళ్లమ్మ:
మా బాబుకి అయిదో ఏడు, ఆటిజం ఉంది. మాటలు కొద్దిగా వస్తాయి. పోయినేడాది మామూలు షోకి తీసుకెళ్లాం. లైట్లు ఆరిపోయి ట్రైలర్ మొదలయ్యిందో లేదో, చెవులు మూసుకుని సీటు కింద దూరిపోయాడు. ఎత్తుకుని బయటికి తెచ్చేసరికి చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. మేం లేచి వస్తుంటే ముందు వరసలో ఒకాయన "పిల్లల్ని అదుపులో పెట్టుకోలేనివాళ్లు సినిమాలకి ఎందుకొస్తారో" అన్నాడు. ఇప్పటిదాకా మళ్లీ థియేటర్ వైపు వెళ్లలేదు. వచ్చే శనివారం ఇలాంటి పిల్లలకి ఇబ్బంది లేకుండా వేసే సెన్సరీ ఫ్రెండ్లీ షో ఉందంటే టికెట్లయితే తీసుకున్నాను కానీ చాలా టెన్షన్‌గా ఉంది. అక్కడ నిజంగా ఏం తేడా ఉంటుంది? ఏమేం పట్టుకెళ్లాలి?

గవ్వల_గలగల:
మా పాపకి ఏడేళ్లు, ఇప్పటికి ఆరు షోలు చూశాం. లైట్లు పూర్తిగా ఆర్పరు, మసకగా ఉంచుతారు. సౌండ్ తగ్గిస్తారు. ప్రకటనలు, ట్రైలర్లు సాధారణంగా వెయ్యరు. పిల్లలు లేచి తిరిగినా, గెంతినా, కేకలు పెట్టినా ఎవరూ ఏమీ అనరు. అయితే అన్ని థియేటర్లలో ఒకేలా ఉండదు, ముందే ఫోన్ చేసి ఒక్కొక్కటీ అడగండి. ఇంకో మాట. ట్రైలర్లు ఉండవు కాబట్టి టికెట్ మీద ఉన్న టైమ్‌కే సినిమా మొదలైపోతుంది. మొదటిసారి మేం ఎప్పటిలాగే పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లాం. మొదలు చూడనిదే మా పాప ఏదీ చూడదు, ఆ రోజు ఏడుపు ఆపడం మా వల్ల కాలేదు.

నాన్న_వేలు:
ఆయన అన్న మాట మనసులో పెట్టుకోకండి. ఇది పెంపకం సంగతి కాదు. శబ్దం, వెలుతురు, స్పర్శ అతిగా తగలడమో, తగలాల్సినంత తగలకపోవడమో ఆటిజం లక్షణాల్లో ఒకటని డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5 అనే పుస్తకంలో, 2013లో వచ్చిన నిర్ధారణ ప్రమాణాల్లోనే రాశారు.

మా వాడికి సినిమాతో ఇబ్బంది రాలేదు. బాత్రూంలో చేతులు ఆరబెట్టే మెషిన్‌తో వచ్చింది. ఎవరో దాని కింద చెయ్యి పెట్టారు, అది భుమ్మని మోగింది. వాడు నా ప్యాంటు పట్టుకుని ఉన్నచోటే బిగుసుకుపోయాడు, వేళ్లు విడదీయడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ రోజు హాల్లోకి అడుగే పెట్టలేదు. ఇప్పుడైతే ఇంట్లోనే బాత్రూం పని ముగించుకుని బయల్దేరతాం. అక్కడ తప్పనిసరైతే ముందు నేను లోపలికి తొంగి చూస్తాను, ఎవరూ లేకపోతేనే తీసుకెళ్తాను. చేతులు తుడవడానికి చిన్న టవల్ జేబులో ఉంటుంది.

ముందురోజే వెళ్లి గేటు, టికెట్ కౌంటర్, మెట్లు, హాలు తలుపు ఫోటోలు తీసుకురండి. వాటిని వరసగా అంటించి "ముందు ఇక్కడికి వెళ్తాం, తర్వాత ఇక్కడ కూర్చుంటాం, చాలనిపిస్తే ఇంటికి వచ్చేస్తాం" అని రోజూ చదివి వినిపించండి. సోషల్ స్టోరీ అంటారు దీన్ని. అమెరికాలో కరోల్ గ్రే అనే టీచర్ 1990ల మొదట్లో తయారుచేసిన పద్ధతి. ఆ చివరి వాక్యం మాత్రం వదలకండి. ఇంటికి వచ్చేయొచ్చని తెలిసిన రోజునే మా వాడు కుదురుగా కూర్చున్నాడు.

ప్రొజెక్షన్_రూమ్:
నేను థియేటర్లో పనిచేస్తాను. "సౌండ్ తగ్గిస్తారా" అని కాకుండా "ఎంతకి తగ్గిస్తారు" అని అడగండి. చాలాచోట్ల సౌండ్ ప్రాసెసర్ మీద 0 నుంచి 10 దాకా అంకెలుంటాయి. సినిమాని 7 దగ్గర వినిపించాలని మిక్స్ చేస్తారు. డాల్బీ వాటిలో 4 నుంచి పైకి ఒక్కో అంకెకి సుమారు 3.3 డెసిబెల్స్ తేడా. అంటే 7 నుంచి 4కి దించితే 10 డెసిబెల్స్ తగ్గి, చెవికి దాదాపు సగం అయినట్టు ఉంటుంది. 6 దగ్గర ఆపేసినా తగ్గించినట్టే లెక్క, కానీ మీ బాబుకి అది సరిపోకపోవచ్చు.

సీటు సంగతి. పక్క గోడల మీదా వెనక గోడ మీదా సరౌండ్ స్పీకర్లు ఉంటాయి, గోడని ఆనుకున్న సీట్లు వద్దు. మధ్య దారి పక్కన, తలుపుకి తొందరగా చేరుకోగలిగేది చూసుకోండి. బేస్, అంటే లోతుగా దడదడమనే శబ్దం మాత్రం చెవితో పాటు నేల నుంచి, సీటు నుంచి ఒంటికి తెలుస్తుంది. చెవులకి పెట్టే ఇయర్ మఫ్స్ కీచు శబ్దాల్ని ఆపినంతగా ఆ అదురుని ఆపలేవు. పిల్లాడు మఫ్స్ పెట్టుకుని కూడా ఉలిక్కిపడుతుంటే కారణం అదే కావచ్చు. మీ ఒళ్లో కూర్చోబెట్టుకోండి, లేదా కింద మందపాటి దిండు వేసి చూడండి.

గవ్వల_గలగల:
దిండు సంగతి నాకూ తట్టలేదు, థాంక్యూ అన్నా. మా పాప మఫ్స్ తల మీద పెట్టనివ్వదు, టోపీ ఉన్న స్వెటర్ వేస్తాను. పెట్టుకునే పిల్లలైనా సరే, కొత్తవి థియేటర్లోనే మొదటిసారి పెట్టకండి. వారం ముందు నుంచి ఇంట్లో అలవాటు చెయ్యాలి.

నిదానంగా:
అందరికీ కుదురుతుందని అనుకోకండి, అందుకే రాస్తున్నా. మా చిన్నోడికి స్పీకర్ సౌండ్ ఫర్వాలేదు, వేరే పిల్లలు ఉన్నట్టుండి అరిస్తే తట్టుకోలేడు. ఈ షోల్లో అది ఎక్కువ. వేరే పిల్లలు అరవడం తప్పు కాదు, వాళ్ల కోసమే కదా ఈ షో. మేం ఇప్పుడు మామూలు సినిమాకే, రిలీజై కొన్ని వారాలయ్యాక, వారం మధ్యలో పొద్దుటి ఆటకి వెళ్తున్నాం. హాలు దాదాపు ఖాళీ. మీ బాబుని ఏది బాధపెడుతుందో ముందు అది గమనించండి.

ఎదురుచూపు:
మా దగ్గర్లో ఇలాంటి షోలే లేవు. ఏం చెయ్యాలి?

గవ్వల_గలగల:
అడగండి. 2007లో అమెరికాలో ఏఎంసీ థియేటర్లు ఆటిజం సొసైటీతో కలిసి ఈ షోలు పెట్టడానికి మూలం, ఆటిజం ఉన్న పాప కోసం ఒక్క పేరెంట్ వెళ్లి అడగడమే. బ్రిటన్‌లో డైమెన్షన్స్ సంస్థ 2011 నుంచి నడిపిస్తోంది. మీ థెరపీ సెంటర్లో పదిమంది తల్లిదండ్రులు కలిసి, జనం ఉండని పొద్దుటి ఆట ఒకటి ఇమ్మని మేనేజర్‌ని అడగండి. మేం అలాగే సాధించుకున్నాం. మొదటి మేనేజర్ కుదరదన్నారు, రెండో థియేటర్లో ఒప్పుకున్నారు.

బాబు_వాళ్లమ్మ:
వెళ్లొచ్చాం! నలభై నిమిషాలు ఉన్నాడు. మొదటి పది నిమిషాలు సీట్లో కూర్చోలేదు, దారిలో అటూ ఇటూ నడుస్తూ ఉన్నాడు. పక్క వరసలో ఒక పాప తెర మీద రంగులు మారినప్పుడల్లా రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తోంది. మా వాడు ఆగి ఆ పాపనే చూశాడు. తర్వాత వచ్చి నా ఒళ్లో కూర్చుని వాడూ చేతులు ఆడించాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, లైట్లు వెలుగుతున్నాయి కదా, పక్కావిడ చూసి టిష్యూ ఇచ్చింది.

కాసేపటికి ఫోటోల పుస్తకం తీసి ఇంటి బొమ్మ మీద వేలు పెట్టాడు. వెంటనే లేచాం. సినిమా సగం కూడా కాలేదే అని మా ఆయన అన్నారు.

నాన్న_వేలు:
వెంటనే లేవడమే మంచిదైంది. చూపించగానే తీసుకెళ్లారు కాబట్టి వచ్చేసారి కూడా అరవకుండా బొమ్మే చూపిస్తాడు. మావాడు మొదటిసారి పన్నెండు నిమిషాలే ఉన్నాడు, పూర్తి సినిమా చూడటానికి ఏడాదిన్నర పట్టింది.

బాబు_వాళ్లమ్మ:
మా ఆయనకి చదివి వినిపించాను. వచ్చే నెల షోకి ఆయనే టికెట్లు తీశారు, దారి పక్క సీట్లు. ఈసారి దిండు కూడా తీసుకెళ్తున్నాం.