బయోలాజిక్ మందులు వాడేవారికి లైవ్ టీకాలు: మీ అనుభవాలు చెప్పండి

వెన్నుదన్ను
వెన్నెముక కీళ్లవాతానికి రెండు వారాలకొకసారి అడాలిముమాబ్ అనే, రోగనిరోధక శక్తిని తగ్గించే బయోలాజిక్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. ఉద్యోగం పని మీద, దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరానికి టీకా పత్రం అడిగే దేశానికి వెళ్లవలసి ఉంది. అది లైవ్ టీకా, అంటే బలహీనపరచిన బతికున్న క్రిమితో చేసినది కనుక, ఒకటి రెండు ఇంజెక్షన్లు ఆపి వేయించుకుంటే సరిపోతుందా? ఇంట్లో చంటిబిడ్డకు పోలియో, రోటావైరస్ చుక్కలు వేయించే సమయం కూడా ఇదే. వాటి వల్ల నాకేమైనా ప్రమాదం ఉంటుందా? అక్కి రాకుండా వేసే టీకా నాలాంటివారు తీసుకోవచ్చా?

తెల్లమబ్బు
అక్కి గురించి అడిగారు కనుక చెబుతున్నాను. నాకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మరో బయోలాజిక్ మొదలుపెట్టేటప్పుడు క్షయ పరీక్ష చేశారు, కాలేయ పరీక్షలు చేశారు, టీకాల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. తరువాత నడుము చుట్టూ అక్కి లేచింది. పొక్కులు మానినా నరాల మంట నెలల తరబడి వదలలేదు. ఆటలమ్మ, తట్టు వంటి లైవ్ టీకాలు అవసరమైతే మందు మొదలుపెట్టడానికి కనీసం నాలుగు వారాల ముందే వేయించాలన్న నియమం ఉన్నదని ఆ మంటతో మంచం పట్టాక తెలిసింది. కొత్తగా మందు మొదలుపెట్టబోయేవారెవరైనా ఉంటే, మొదటి సూదికి ముందే ఈ సంగతి అడిగి తేల్చుకోండి.

నిదానం
అక్కి టీకా కూడా లైవ్ టీకాయే. బయోలాజిక్ వాడేవారు దాని జోలికి పోకూడదు.

మందులపెట్టె
నిదానం గారూ, మీరు చెబుతున్నది పాత టీకా సంగతి. ఆసుపత్రి ఫార్మసీలో ఈ మందులను రోజూ సిద్ధం చేసి ఇచ్చే పని నాది కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను. ఆ పాత టీకా జోస్టావాక్స్‌లో బలహీనపరచిన ఆటలమ్మ వైరస్ ఉండేది, అక్కికి కారణం కూడా ఆ వైరస్సే. అమెరికాలో 2020 నవంబరు తరువాత అది అందుబాటులో లేదు. అక్కడే 2017లో అనుమతి పొందిన కొత్త అక్కి టీకా షింగ్రిక్స్‌లో వైరస్ పైపొరకు చెందిన ఒక ప్రోటీన్, రోగనిరోధక స్పందనను పెంచే పదార్థం మాత్రమే ఉంటాయి. శరీరంలో పెరిగేది అందులో ఏదీ లేదు. రెండు మోతాదులు తీసుకోవాలి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి రెండోది ఒకటి రెండు నెలల్లోనే ఇవ్వవచ్చు.

నిదానం
ఏ టీకాయో పేరు అడగకుండా "అక్కి టీకా" అని వేయించుకునేవారు ఉంటారనే నా భయం. ఉద్యోగం గురించి చెప్పుకునే ముందు ఆ హెచ్చరిక చేసి ఉండవలసింది.

గట్టిగింజ
ఈ భయమంతా అతి అని నా అభిప్రాయం. టీఎన్‌ఎఫ్ అనే, వాపును పెంచే ప్రోటీన్‌ను అడ్డుకునే మందులు (అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటివి) వాడుతున్న 617 మందితో ఒక పరీక్ష చేసి, కొందరికి ఆ పాత లైవ్ టీకానే, మిగిలినవారికి మందు లేని సూదిని ఇచ్చి చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. టీకా తరువాతి ఆరు వారాల్లో ఒక్కరికీ ఆటలమ్మ ఇన్ఫెక్షన్ నిర్ధారణ కాలేదు. నేను అదే రకం మందు ఎటానర్‌సెప్ట్ మీద ఉండగానే తట్టు టీకా వేయించుకున్నాను, నాకేమీ కాలేదు.

మందులపెట్టె
మీకేమీ కాకపోవడం మరొకరికి హామీ కాదు, దయచేసి ఇక్కడ అలా రాయకండి. ఆ పరీక్షలో పాల్గొన్నవారంతా 50 ఏళ్లు పైబడినవారు. ఆ వయసువారిలో చాలామందికి చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చి ఉంటుంది కనుక ఆ వైరస్‌ను శరీరం ముందే ఎరిగి ఉంటుంది. ఎల్లో ఫీవర్ టీకాను మొదటిసారి తీసుకునేవారికి అటువంటి పాత రక్షణ ఏదీ ఉండదు. టీకాలోని వైరస్ కొన్నాళ్లు రక్తంలో తిరుగుతుంది, అరుదుగా కాలేయం వంటి అవయవాలను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఒక లైవ్ టీకా ఫలితాన్ని మరొకదానికి అంటగట్టడం ఎంతమాత్రం సరికాదు.

పాలవెల్లి
మీరంతా పెద్దవారి గురించే మాట్లాడుతున్నారు, కడుపులోని బిడ్డల మాటేమిటి? నేను గర్భంతో ఉన్నంతకాలం ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడాను. ఆ మందు మావి గుండా బిడ్డకు చేరుతుంది, పుట్టిన తరువాత కూడా నెలల తరబడి రక్తంలో ఉంటుంది. క్రోన్స్ అనే పేగుల వ్యాధికి ఆ మందు వాడిన ఒక తల్లి బిడ్డకు క్షయ రాకుండా వేసే లైవ్ టీకా బీసీజీ వేస్తే, ఆ క్రిమి శరీరమంతా పాకి బిడ్డ చనిపోయినట్టు 2010లో వైద్య పత్రికలో వచ్చింది. కాన్పు అయిన చోట మా పాపకు బీసీజీ వేయబోతుంటే నేను చేయి అడ్డుపెట్టి ఆపించాను. ఎంత విసుక్కున్నా కదలలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తగిలిన బిడ్డలకు పుట్టిన 12 నెలల వరకు లైవ్ టీకాలు వద్దని యూరోపియన్ మందుల సంస్థ 2022లో సూచించింది. రోటావైరస్ చుక్కలు కూడా వేయించలేదు.

నిదానం
బీసీజీ విషయంలో మీరు చేసినది నూటికి నూరుపాళ్లు సరైనది. రోటావైరస్ సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. మొదటి మోతాదు 15 వారాల వయసులోపే మొదలుపెట్టాలన్న సూచన ఉంది కనుక, ఏడాది ఆగితే ఆ టీకా చేజారినట్టే. టీఎన్‌ఎఫ్ మందు తగిలిన బిడ్డలకు మొదటి ఆరు నెలల్లో ఆ చుక్కలు ఇవ్వవచ్చని అమెరికా కీళ్లవాత వైద్యుల సంఘం (ఏసీఆర్) 2022 మార్గదర్శకాల్లో ఉంది, రిటుక్సిమాబ్ అనే వేరే రకం బయోలాజిక్ అయితే ఆగమంది.

పాలవెల్లి
మార్గదర్శకాలు ఒకదానికొకటి పొసగనప్పుడు తల్లి ఏది నమ్మాలి? నేను జాగ్రత్త వైపే ఉన్నాను, ఇప్పటికీ ఉంటాను.

దూరపుచూపు
అసలు అడిగినది ఎల్లో ఫీవర్ గురించి. వెన్నుదన్ను గారూ, ఒకటి రెండు సూదులు ఆపడం మీద ఆధారపడకండి. అడాలిముమాబ్ సగానికి తగ్గడానికే సుమారు రెండు వారాలు పడుతుంది. టీకాకు ముందు మూడు నెలలు ఆగమనే నిపుణులున్నారు, టీకా తరువాత మరో నాలుగు వారాలు మందు మొదలుపెట్టకూడదు. అంతకాలం ఆపితే వెన్ను బిగుసుకుపోవడం మీకు నేను చెప్పనక్కరలేదు. గతంలో ఎప్పుడైనా ఆ టీకా వేయించుకుని ఉంటే పత్రం వెతకండి, 2016 జులై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. లేకపోతే, ఆరోగ్య కారణాల వల్ల టీకా వేయలేమని డాక్టరు ధ్రువపత్రం ఇవ్వవచ్చు. నేను అలాగే వెళ్లివచ్చాను. దాన్ని ఒప్పుకోవడం, నిఘాలో ఉంచడం ఆ దేశం ఇష్టం కనుక ముందే వారి రాయబార కార్యాలయాన్ని అడగండి. పత్రం చేతిలో ఉన్నా దోమ ఆగదు, వ్యాధి ఉన్న ప్రాంతమైతే ప్రయాణం మానుకోవడమే నా సలహా.

తెల్లమబ్బు
వెన్నుదన్ను గారూ, మీ బిడ్డ సంగతి ఎవరూ చెప్పలేదు. పోలియో చుక్కలకు బదులు పోలియో ఇంజెక్షన్ వేయమనండి, చుక్కల్లోని బతికున్న వైరస్ బిడ్డ మలంలో వస్తుంది. రోటావైరస్ చుక్కలు వేయించినా, డైపరు మార్చే పని మీరు పెట్టుకోకండి, తప్పనిసరైతే చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో మిగిలినవారంతా తట్టు, ఆటలమ్మ టీకాలు తప్పకుండా వేయించుకోవాలి. మనకు దక్కే రక్షణ వాళ్ల నుంచే. ఆటలమ్మ టీకా తరువాత ఎవరికైనా పొక్కులు లేస్తే అవి తగ్గేదాకా వారికి దూరంగా ఉండండి.

గట్టిగింజ
మరి టీకా లేనివారికి తట్టు ఉన్న మనిషి తారసపడితే ఏం చేయాలి? ఇల్లు కదలకుండా కూర్చోవాలా?

మందులపెట్టె
అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఇస్తే వ్యాధి రాకుండా, లేదా తీవ్రం కాకుండా చూడవచ్చు. ఒళ్లంతా దద్దురు లేచేదాకా ఎదురుచూస్తే ఆ అవకాశం ఉండదు.