అప్‌డేట్: జ్వరం లేదని తెల్లవారే దాకా ఆగుదామనుకున్న ఆ రాత్రి గురించి

33వ వారంలోనే 1,750 గ్రాముల బరువుతో పుట్టిన మా పాప, ఇంటికి వచ్చిన నాలుగో రోజున పాలు సరిగా తాగక మగతగా పడి ఉంటోందనీ, జ్వరం లేదు కనుక ఉదయం దాకా ఆగవచ్చా అనీ ఇక్కడ అడిగాను. ఆగవద్దని గట్టిగా చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు.

ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాము. చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలసింది 35.6 మాత్రమే ఉంది. ఇంత చిన్న శిశువుల్లో ఇన్ఫెక్షన్ జ్వరంగా కాక, ఒళ్లు చల్లబడటంగానో, పాలు పీల్చలేకపోవడంగానో బయటపడవచ్చునని వైద్యురాలు వివరించినప్పుడు, నా ధీమా ఎంత పొరపాటో అర్థమైంది. రక్తంలో చక్కెర కూడా పడిపోవడంతో వెంటనే నరం ద్వారా గ్లూకోజ్ ఎక్కించి, రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీసుకుని, ఫలితం కోసం ఎదురుచూడకుండానే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించింది. చికిత్సకు 10 రోజులు పట్టింది.

ఇప్పుడు పాప 2,300 గ్రాములు ఉంది. రోజులో చాలాసేపు నా ఛాతీకి చర్మం తగిలేలా ఆనించుకుంటున్నాను. థర్మామీటర్ కంటే ఇదే నాకు ఎక్కువ ధైర్యం ఇస్తోంది. పాప ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టమనీ, 60 దాటినా, డొక్కలు లోపలికి లాగినా, 20 సెకన్లపాటు ఊపిరి ఆగినా, పెదవులు నీలంగా మారినా క్షణం ఆలస్యం చేయవద్దనీ చెప్పారు. కంటి లోపలి పొరను చూసే రెటీనా పరీక్ష ఒకసారి అయింది, వినికిడి పరీక్ష వచ్చే వారం ఉంది.